కెమెరాలో సగం, కంప్యూటర్లో సగం

ఉంగుటూరు నుంచి హైవే మీద ఏలూరు వైపు వస్తుంటే భీమడోలు దాటాక దెందులూరు మండలం తగులుతుంది. ఆ మండలంలోని సోమవరప్పాడులో 1907 జనవరి 17న అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు పుట్టారు. ఎల్.వి. ప్రసాద్ అంటే వెంటనే గుర్తుపడతారు. తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లో, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో వేషాలు వేశారనీ, ‘మిస్సమ్మ’కు దర్శకుడనీ, ఫాల్కే అవార్డు అందుకున్నారనీ ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. కెమెరాల సంగతి మాట్లాడేటప్పుడు మాత్రం వీటన్నిటికన్నా ఆయన 1976లో మద్రాసులో పెట్టిన ఫిలిం ల్యాబే నాకు ముందు గుర్తొస్తుంది. ఎందుకంటే ఆ రోజుల్లో కెమెరాలోంచి బయటికొచ్చేది బొమ్మ కాదు. ల్యాబు చేయి పడితేనే అది బొమ్మయ్యేది.

35 ఎంఎం ఫిలిం వెయ్యి అడుగుల రోలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. దాన్ని చీకట్లోనే డబ్బాలో పెట్టి ల్యాబుకు పంపాలి. అక్కడ కడిగి, రష్ ప్రింటు వేసి ఇచ్చేదాకా ఏం తీశామో కెమెరామన్‌కు కూడా ఖాయంగా తెలియదు. ఎడిటర్ కత్తెర వేసేది ఆ రష్ ప్రింటుకే. అసలు నెగెటివ్‌ను నంబర్లు చూసుకుంటూ తర్వాత వేరేగా కోసేవారు. ప్రింటు వేసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలను ఒక్కొక్క షాటుకూ ఒకటి నుంచి యాభై పాయింట్ల మధ్య పెంచి తగ్గించి రంగు సరిచేసేవారు. దాన్నే గ్రేడింగ్ అనేవారు. ఆ తర్వాత ఫస్ట్ కాపీ, ప్రింట్లు, పెట్టెలు. తాడేపల్లిగూడెంలో రేలంగి గారు కట్టించిన హాలైనా, ఏలూరులోని హాలైనా పెట్టె దిగితేనే ఆట పడేది.

డిజిటల్ వచ్చాక ల్యాబుల పని అయిపోయిందని అంటుంటారు. యంత్రాలు పోయిన మాట నిజమే గానీ పని ఎక్కడికీ పోలేదు. సగం కెమెరా లోపలికి దూరింది, మిగతా సగం కంప్యూటర్లోకి వెళ్లింది. ఆ రెండు సగాల మధ్య గీత ఎక్కడ గీశారన్నదే ఒక కెమెరాకూ ఇంకో కెమెరాకూ ఉన్న అసలు తేడా. 4కె, 6కె, 8కె అని డబ్బా మీద అచ్చేసే పిక్సెళ్ల లెక్కలన్నీ దాని తర్వాతే.

సెన్సర్‌కు రంగులు తెలియవు. దాని మీది లక్షల గుంటలు ఒక్కొక్కటీ తన మీద ఎంత వెలుగు పడిందో మాత్రమే చెప్పగలవు. అందుకని ఒక్కో గుంట మీద ఒక్కో రంగు ఫిల్టరు వేస్తారు. సగం గుంటలకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరు మీద 1976లో పేటెంటు వచ్చిన అమరిక ఇది (మన ల్యాబు పుట్టిన ఏడే!). ప్రతి గుంటకూ లేని రెండు రంగులను పక్క గుంటల నుంచి లెక్కగట్టి పూరించడాన్ని డీబేయరింగ్ అంటారు. ఆపైన వైట్ బ్యాలెన్స్, కాంట్రాస్ట్, కుదింపు. చిన్న కెమెరాలు ఈ పనులన్నీ క్షణంలో తామే చేసేసి తయారైన ఫైలు ఇస్తాయి. రా తీసే కెమెరాలు గుంటల లెక్కలను అలాగే దాచి, మిగతాది తర్వాత చూసుకోమంటాయి. గాదెలో వడ్లున్నవాడు పులిహోరా చేసుకోగలడు, పరమాన్నమూ వండుకోగలడు. చేతికి అన్నం ముద్దే ఇస్తే దాన్ని మళ్లీ బియ్యం చేయలేడు.

ఈ తేడా కంటికి కనిపించాలంటే కొల్లేరును మించిన పరీక్ష లేదు. శీతాకాలంలో ఆటపాక దగ్గర మిట్టమధ్యాహ్నం వేళ ఒక షాట్ పెట్టామనుకోండి. అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు, వాటిలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. ముందు తాటిదోనె, దాంట్లో తలగుడ్డ నీడలో సగం మునిగిన మనిషి ముఖం. వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు అంటాం. అంటే పది స్టాపులకు 1,024 రెట్లు, పద్నాలుగు స్టాపులకు 16,384 రెట్లు. నీటి మీద మెరిసే ఎండకూ ఆ ముఖం మీది నీడకూ మధ్య దూరం పది స్టాపులను తేలిగ్గా దాటిపోతుంది. అంత దూరాన్ని పట్టలేని కెమెరాలో ముఖం కనపడేలా పెడితే కొంగ రెక్కలు సున్నం కొట్టినట్టు ఒకే తెలుపైపోతాయి. తోక దగ్గర ఉండే ఆ లేత గులాబీ ఈకలు కూడా తెలుపులో కలిసిపోతాయి. అలా పోయిన గులాబీని రంగులు సరిచేసే ఏ కలరిస్టూ వెనక్కి తేలేడు, ఎందుకంటే ఫైలులో అది లేనే లేదు.

అందుకే ఎక్కువ స్టాపులు పట్టే కెమెరాలు బొమ్మను లాగ్‌లో రాస్తాయి. వెలుగుల మధ్య దూరాలను దగ్గరికి నొక్కి అన్నిటికీ ఫైలులో చోటు చేసే పద్ధతి అది. ఆ ఫైలును నేరుగా చూస్తే వెలిసిపోయిన చీరలా ఉంటుంది. పెళ్లివారు అది చూసి కెమెరా పాడైందని గొడవపడిన సందర్భాలు ఉన్నాయి. మానిటర్ మీద లట్ అనే రంగుల పట్టిక వేసి చూపిస్తే గొడవ ఉండదు.

మ్యూనిక్‌లో 1917లో పుట్టిన ఆరీ కంపెనీ 2010లో అలెక్సాను తెచ్చింది. అప్పటికే రెడ్ అనే కంపెనీ 4కె కెమెరా అమ్ముతోంది. అలెక్సా సెన్సర్ 2.8కె మాత్రమే. అయినా ఛాయాగ్రాహకులు దాని వైపే మొగ్గారు. కారణాలు రెండు. ఒకటి, పద్నాలుగు స్టాపులకు పైగా పట్టే సెన్సర్. తెలుపు చివర ఠక్కున తెగకుండా ఫిలింలో లాగా మెల్లగా కరుగుతుంది. రెండోది అంతగా ఎవరూ చెప్పుకోరు గానీ నా దృష్టిలో అదే పెద్దది. అలెక్సా నేరుగా ఎడిటింగ్‌కు సిద్ధంగా ఉండే ప్రోరెస్ ఫైళ్లు రాసేది. షూటింగ్ ముగిసిన రాత్రే ఎడిటర్ వాటిని టైమ్‌లైన్ మీద పెట్టుకోవచ్చు.

2013 జూలైలో ‘బాహుబలి’ మొదలైనప్పుడు కె.కె. సెంథిల్ కుమార్ అలెక్సా ఎక్స్‌టీ వాడారు. అంతకుముందు అలెక్సాలో రా కావాలంటే పక్కన వేరే రికార్డర్ తగిలించాలి. ఎక్స్‌టీలో ఆ రికార్డర్ కెమెరా ఒంట్లోకే వచ్చింది. కుదింపు లేని ఆ రా ఫైళ్లు ఫ్రేము సైజును బట్టి గంటకు 800 జీబీ నుంచి ఒక టెరాబైటు దాకా తింటాయి. అంత ఖర్చు ఎందుకంటే, ఆ సినిమాలో షాట్లు ఒక్క ఎడిటింగ్ గదికి వెళ్లి ఊరుకోలేదు. అనేక గ్రాఫిక్స్ సంస్థలకు వెళ్లి, జలపాతాలూ కోటలూ తగిలించుకుని తిరిగొచ్చాయి. ఒక్కో సంస్థ తన మానిటర్ మీద తనకు తోచిన నీలం వేస్తే మాహిష్మతి ఆకాశం షాటుకో రంగులో ఉండేది. అందుకని ఏసెస్ అనే ఉమ్మడి రంగుల పద్ధతిని పాటించారు. ఏ కెమెరా ఫైలైనా, ఏ గ్రాఫిక్స్ ఫైలైనా ముందు ఒకే కొలమానంలోకి మారుతుంది, ఆ తర్వాతే దాని మీద చేయి పడుతుంది. చివరి గ్రేడింగ్ హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో బేస్‌లైట్ అనే గ్రేడింగ్ సిస్టమ్ మీద జరిగింది. కలరిస్టు బి.వి.ఆర్. శివకుమార్. మద్రాసు ల్యాబులో యాభై పాయింట్ల దీపాలతో ఫ్రేము మొత్తాన్నీ ఒకేసారి మార్చిన చోట, ఇక్కడ ఒక్క ముఖాన్నో, ఒక్క ఆకాశపు తునకనో విడిగా పట్టుకుని మార్చగలిగారు.

రెడ్ దారి వేరు. కళ్లద్దాల కంపెనీ ఓక్లీని నడిపిన జిమ్ జనార్డ్ దాన్ని పెట్టాడు. తొలి కెమెరా రెడ్ వన్ 2007లో బయటికొచ్చింది. కమల్ హాసన్, వెంకటేశ్ నటించిన ‘ఈనాడు’ను 2009లో దాంతోనే తీశారు. రెడ్ చేసిన తెలివైన పని ఏమిటంటే రా ఫైలును కెమెరా లోపలే కుదించడం. డిస్కు ఖర్చు బాగా తగ్గింది, కానీ ఆ భారం కంప్యూటర్ మీద పడింది. తొలినాళ్లలో ఆ ఫైలు సాఫీగా ఆడాలంటే ప్రత్యేకంగా ఒక కార్డు కొని బిగించాల్సి వచ్చేది. లోపల కుదించే ఆ పద్ధతి మీద రెడ్‌కు పేటెంటు ఉంది. 2019లో యాపిల్ దాన్ని సవాలు చేసి నెగ్గలేకపోయింది. 2024లో నికాన్ రెడ్‌ను కొనేసింది.

మరో కొసన 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ ఉంది. అయిదు రోజుల్లో కెనాన్ 5డి స్టిల్ కెమెరాలతో తీసేశారు. సినిమా ఎలా ఉందన్నది వేరే సంగతి. టెక్నిక్ పరంగా మాత్రం అది మంచి పాఠం. 5డి మార్క్ టూ ఫైలు ఎనిమిది బిట్లది. ఒక్కో రంగుకు 256 మెట్లు, మొత్తం 1.67 కోట్ల రంగులు. చాలా ఎక్కువనిపిస్తుంది. అదే పది బిట్లయితే రంగుకు 1,024 మెట్లు, మొత్తం 107 కోట్లు. పొగమంచు కమ్మిన కొల్లేరు ఆకాశం లాంటి చోట, తెలుపు నుంచి బూడిద రంగుకు మెల్లగా మారే దగ్గర, ఎనిమిది బిట్ల ఫైలును గ్రేడింగ్‌లో కాస్త లాగగానే మెట్లు మెట్లుగా చారలు పడతాయి. వరిచేల ఆకుపచ్చ కూడా ముద్దకట్టిపోతుంది, ఎందుకంటే చోటు కోసం ఆ ఫైలు నాలుగు పిక్సెళ్లకు ఒక్క రంగు సమాచారమే దాస్తుంది. ఇంకో తమాషా. ఆ కెమెరాలో ఒక ఫైలు నాలుగు జీబీ దాటకూడదు, అంటే సుమారు పన్నెండు నిమిషాలు. ఫిలిం రోలు పదకొండు నిమిషాలని పైన చెప్పుకున్నాం కదా!

ఇప్పుడు తాడేపల్లిగూడెంలోనో ఏలూరులోనో స్టూడియో పెట్టుకున్నవాళ్ల ముందు సాధారణంగా ఉండేవి రెండు దారులు. సోనీ ఎఫ్ఎక్స్3 లాంటివి పది బిట్ల తయారైన ఫైలు ఇస్తాయి. బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ కెమెరాలు కుదించిన రా ఇస్తాయి. 2018లో వచ్చిన ఆ రాలో డీబేయరింగ్ కొంత కెమెరాలోనే అయిపోతుంది కాబట్టి మామూలు కంప్యూటర్ కూడా మోయగలదు. అదే కంపెనీ 2009లో డావించి సంస్థను కొని, ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే అందిన రిజాల్వ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక రకాన్ని ఉచితంగా ఇస్తోంది. కెమెరా చౌకగా రావడం కన్నా ఇదే పెద్ద మార్పని నేనంటాను.

పెళ్లి లెక్క వేసి చూడండి. రెండు కెమెరాలు, ఎనిమిది గంటలు, మొత్తం పదహారు గంటల ఫుటేజి. సెకనుకు 100 మెగాబిట్ల ఫైలైతే 720 జీబీ. పాకెట్ 4కెలో గట్టిగా కుదించిన రా అయితే ఒకటిన్నర టెరాబైట్ల పైన. ‘బాహుబలి’ తరహా రా అయితే 13 నుంచి 16 టెరాబైట్లు, దానికి బ్యాకప్ వేరే. ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని పదిరోజుల్లో మిక్సింగ్ పూర్తిచేసి ఇవ్వాల్సిన షాపుకు ఆ రా ఎందుకు? అదే షాపువాళ్లు దోనెల మీద ఒక పొట్టి సినిమా తీస్తామంటే మాత్రం రా తీయమనే చెబుతాను. ఫుటేజి తక్కువ, రంగులతో పని ఎక్కువ.

ఈ పనిలో ఎక్కువ నష్టం జరిగేది కెమెరా దగ్గర కాదు, కార్డు ఖాళీ చేసేటప్పుడు. పెద్ద షూటింగుల్లో దీనికి ఒక మనిషే ఉంటాడు. మూడు కాపీలు చేసి, ఫైలు మారలేదని చూపే చెక్‌సమ్ అంకె ప్రతి కాపీకీ సరిపోయిందని చూసుకున్నాకే కార్డు తుడవనిస్తాడు. ఆ తర్వాత తేలికపాటి ప్రాక్సీ ఫైళ్లు తయారవుతాయి. ఎడిటింగ్ వాటి మీదే జరుగుతుంది. చివర్లో అసలు ఫైళ్లను టైమ్‌కోడ్ ప్రకారం మళ్లీ అమర్చుతారు. పాత నెగెటివ్ కటింగ్ ఇదే. ఇక్కడ దెబ్బకొట్టేది ఫ్రేమ్ రేటు. మన పెళ్లి కెమెరాలు సెకనుకు 25 ఫ్రేముల మీద ఉంటాయి, సినిమా 24 మీద. రెండూ కలిపి తీస్తే అమర్చేటప్పుడు పెదాలకూ మాటకూ పొత్తు కుదరదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 24లో తీసినా షట్టర్‌ను సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెట్టాలి, లేకపోతే ఫంక్షన్ హాలు లైట్లు మినుకుమంటాయి.

థియేటరుకు ఇప్పుడు పెట్టె బదులు డీసీపీ అనే డిజిటల్ కాపీ వెళ్తుంది. రెండున్నర గంటల సినిమా బొమ్మ దాదాపు 280 జీబీ దాకా ఉండొచ్చు. తాళం చెవి వేరే ఫైలుగా వస్తుంది, ఫలానా సర్వర్‌లో ఫలానా తేదీల్లో మాత్రమే తెరుచుకుంటుంది.

ఇక దాచుకోవడం. ప్రసాద్ సంస్థ జర్మనీకి చెందిన డీఎఫ్‌టీని సొంతం చేసుకుంది. పాత నెగెటివ్‌లను స్కాన్ చేసే స్కానిటీ యంత్రాలు ఆ కంపెనీవే. అరవై ఏళ్ల నాటి నెగెటివ్ బూజు పట్టకుండా ఉంటే ఈరోజు కూడా దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుని చూడొచ్చు. డిజిటల్ సినిమాలను ఎల్‌టీఓ అనే డేటా టేపుల మీద దాస్తారు. ఎనిమిదో తరం డ్రైవు ఏడో తరం టేపు దాకా చదువుతుంది, ఆరో తరానిది చదవదు. అంటే కొన్నేళ్లకోసారి అంతా కొత్త టేపులకు ఎక్కించాల్సిందే. ఆ ఖర్చును సినిమా బడ్జెట్‌లోనే రాసుకునే నిర్మాతలు పెరగాలి. పెళ్లి వీడియోల విషయంలో మిక్సింగ్ షాపులు ఇంకో సీజన్ రాగానే డిస్కులు ఖాళీ చేసుకుంటాయి, వాళ్లను తప్పుపట్టలేం. డెలివరీ తీసుకునే రోజే సొంత డిస్కు ఒకటి పట్టుకెళ్లి, మిక్స్ చేసిన వీడియోతో పాటు కెమెరా ఫైళ్లన్నీ కూడా ఎక్కించమని అడగండి.