‘తోలు’ అనే క్రియ, ‘సాఖ’ అనే క్రియ

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ‘తోలు’ అనే క్రియకు పని ఎక్కువ. బండి తోలుతారు, గొడ్లను మేతకు తోలుతారు. కరెంటు మోటార్లు రాకముందు ఎడ్లతో బావినీళ్లు తోడటాన్ని మోట తోలడమనేవారు. (మోటకు కట్టే తోలు వేరే మాట, ధ్వని ఒకటైనంత మాత్రాన రెంటినీ కలపరాదు.) మనుషులకూ ఇదే క్రియ. ‘బిడ్డను అత్తగారింటికి తోలిండ్రు’, ‘అమ్మను దవాఖానకు తోల్కపోయిండు’ అంటే అందులో చులకన లేదు. పంపడం, వెంటబెట్టుకొని పోవడం అని అర్థం. కోస్తా తెలుగు చెవికి మాత్రం అది పశువుల మాటగానే వినిపిస్తుంది.

అరబీలో దీనికి సరితూగేది ‘సాఖ’. సీన్, వావ్, ఖాఫ్ దాని ధాతువు. పశువులను వెనుకనుండి నడపడం మూలార్థం. దివ్య ఖుర్ఆన్ దీనిని మేఘాలకు వాడింది (ఫాతిర్ 9), ఎండిన నేలకు పారే నీటికి వాడింది (సజ్దా 27). అరబ్బులు మహర్‌గా ఒంటెలను తోలేవారు. క్రమంగా బంగారం ఇచ్చినా అదే క్రియ నిలిచింది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వివాహ సందర్భంలో మహర్ ఎంతని దైవప్రవక్త (సఅసం) అడిగినప్పుడు వాడిన క్రియ ఇదేనని సహీహ్ బుఖారీలో ఉంది. ఆయన ఇచ్చింది ఖర్జూరపు గింజంత తూకం బంగారం. అక్కడ తోలడానికి పశువే లేదు!

అంగడి అనే అర్థం గల ‘సూఖ్’ కూడా సరుకు తోలుకురావడం నుండే పుట్టిందని పాత నిఘంటుకారులు చెప్పారు. వినడానికి బాగుంది. కానీ అది అరామిక్ ‘షూఖా’ నుండి వచ్చిందనీ, దానికి ముందు వీధి అనే అర్థంలో అక్కాదీ భాషలో ఉందనీ తులనాత్మక భాషావేత్తల నిర్ణయం. ఇదే బలమైనది.

అనువాదకుడికి అసలు చిక్కు జుమర్ సూరాలో ఉంది. 71వ ఆయత్‌లో తిరస్కారులు నరకానికి, 73లో భయభక్తులు గలవారు స్వర్గానికి; ఇద్దరికీ క్రియ ఒక్కటే. మర్యమ్ సూరాలో (85, 86) ఇద్దరికీ వేర్వేరు క్రియలున్నాయి గనుక ఇక్కడి సామ్యం యాదృచ్ఛికమని దాటవేయలేము. స్వర్గవాసులు వాహనాలపై వెళతారనీ, తోలబడేవి ఆ వాహనాలేననీ జమఖ్షరీ (మరణం 1144) వివరించాడు. పుణ్యాత్ములను ‘తోలడం’ అనడానికి జంకి ‘తీసుకుపోవడం’ అని మారిస్తే తెలుగులో ఆ జంట తెగిపోతుంది. కరీంనగర్ శ్రోతకు రెండుచోట్లా ‘తోలు’ అనే చెప్పవచ్చు. ద్వారపాలకుల మందలింపు ఒకచోట, వారి సలాం మరొకచోట ఉన్నాయి. అది ఎటువంటి తోలడమో సందర్భమే తెలుపుతుంది. సందర్భానికి అరబీ మాట ‘సియాఖ్’. అదీ ఈ ధాతువుదే.