క్వార్కుల పాకము

పదార్థము ఒక స్థితినుండి మరియొక స్థితికి మారుటను స్థితిపరివర్తన మందురు. ఇది రెండు తీరుల జరుగును. మంచుగడ్డ సున్న డిగ్రీల సెంటీగ్రేడుకడ నీరగును. అచట ఎల్ల స్పష్టము. చోడవరము పరిసర గ్రామములలో బెల్లము వండునప్పుడో, పెనములోని చెరకురసము క్రమక్రమముగా చిక్కబడి పాకమగును. ఏ క్షణమున రసము పోయి పాకము వచ్చినదో వేలుపెట్టి చూపజాలము.

పరమాణువు గర్భమున కేంద్రకము కలదు. ఆ శాస్త్రమును బోధించుటకై 1950 దశకమున స్వామి జ్ఞానానంద విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో ప్రత్యేక శాఖను నెలకొల్పిరి. కేంద్రకములో ప్రోటానులు, న్యూట్రానులు ఉండును. వానిలో మరింత సూక్ష్మకణములు కలవని 1964లో గెల్‌మాన్, జ్వైగ్ అను శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ప్రతిపాదించిరి. అవియే క్వార్కులు. గ్లూయానులను కణములు వానిని జిగురువలె బంధించి యుంచును.

ఉష్ణోగ్రత సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలకు చేరినచో ప్రోటానులే కరగి, క్వార్కులు గ్లూయానులు కలసిన ద్రవ్యమేర్పడును. విశ్వము పుట్టిన తొలి క్షణమున ద్రవ్యమంతయు ఇట్లే యుండెను. సుమారు సెకనులో లక్షవ వంతు గడచునప్పటికి అది చల్లబడి ప్రోటానులుగా కూడెను. మన దేహములోని ప్రోటానులు ఆనాటివే. ఈ మార్పు మంచు కరగినట్లు గాక, బెల్లపుపాకమువలె క్రమముగా జరుగునని 2006లో గణనలు చూపెను.

జెనీవా సమీపముననున్న సెర్న్ పరిశోధనశాలలో 2010 మొదలుకొని సీసపు కేంద్రకములను ఢీకొట్టించి ఈ ద్రవ్యమును సృష్టించిరి. భారతీయ శాస్త్రజ్ఞులును ఆ కృషిలో పాల్గొనిరి. విద్యార్థులారా! విద్యుత్ప్రవాహము చుట్టును అయస్కాంత క్షేత్రమేర్పడునని మీరెరుగుదురు. ధనావేశముగల కేంద్రకములు కాంతివేగమునకు చేరువగా ఒకదానినొకటి ఒరసికొని పోవునప్పుడును అదియే జరుగును. భూమి క్షేత్రబలము సుమారు అర గౌసు మాత్రమే. అచట లవలేశకాలము నిలుచు క్షేత్రమో, ఒకటి ప్రక్కన పద్దెనిమిది సున్నలు చేర్చినన్ని గౌసులను మించును!

అంతటి క్షేత్రములో క్వార్కుల బంధమేమగును? క్షేత్రము క్వార్కు, ప్రతిక్వార్కుల జతలను బలపరచును గనుక, పరివర్తనకు ఎక్కువ వేడిమి కావలెనని పలువురు తలచిరి. 2012లో దేశకాలములను చిన్న చిన్న గళ్ళుగా విభజించి కంప్యూటర్లతో లెక్కింపగా ఫలితము అందుకు విరుద్ధముగా వచ్చెను. క్షేత్రము పెరిగినకొలది పరివర్తనోష్ణోగ్రత తగ్గుచుండెను. కారణమేమి? గ్లూయానులకు విద్యుదావేశము లేదు. క్షేత్రము వానిని నేరుగా తాకదు. కాని క్వార్కుల మూలమున వాని నడవడి మారి, ఆ వేడిమికడ జతలు సడలును. తొలుత తలచిన కారణము అబద్ధము కాదు. దానిని మించినది మరియొకటి దాగియుండెను.

క్షేత్రము ఇంకను ఎన్నోరెట్లు పెరిగినచో, పాకమువలె మెల్లగా జరుగు మార్పు మంచు కరగినట్లు ఒక్కసారిగా జరుగునని గణనలు సూచించుచున్నవి. అంతటి క్షేత్రమును ప్రయోగశాలలో ఎవరును ఇంకను సాధింపలేదు. బెల్లము వండువాడు పాకమును నీటిలో వేసి చూచిగాని పెనము దింపడు. శాస్త్రజ్ఞుడును అట్టివాడే. లెక్క యెంత చక్కనిదైనను, పరీక్షకు నిలిచినప్పుడే దానిని సత్యమని ఒప్పుకొనును.