పెర్లు భాషలో ఎవరి శైలి వారిది

కావలికిని నెల్లూరికిని నడుమనున్న బిట్రగుంట స్టేషనులో ఏయే బండ్లు సకాలమునకు వచ్చినవో జాబితా తీయవలె ననుకొందము. రాకపోకల పట్టికను పంక్తి పంక్తిగా చదివి, రద్దయిన బండ్లను, ఆలస్యమైన బండ్లను విడిచి, మిగిలినవానిని అచ్చు వేయుమని కంప్యూటరునకు పెర్లు భాషలో ఆజ్ఞలు వ్రాయవచ్చును. ఇద్దరు విద్యార్థులు వ్రాసినచో ఫలితము ఒక్కటే కావచ్చును గాని, ఆ రెండు ప్రోగ్రాములును చూపునకు వేర్వేరు భాషలవలె నుండును.

1987లో పెర్లును వెలువరించిన అమెరికా దేశీయుడు లారీ వాల్ భాషాశాస్త్రము చదివినవాడు. మనుష్యులు ఒకే భావమును పలు విధముల చెప్పుదురు గదా! తన భాషలోను అట్లే ఉండవలెనని ఆయన తలచెను. 'అయినచో' అను అర్థమిచ్చు 'ఇఫ్'తోపాటు 'కానిచో' అను అర్థమిచ్చు 'అన్‌లెస్' కూడ ఇందు కలదు. షరతును పనికి ముందైనను, వెనుకనైనను ఉంచవచ్చును.

మనము "వాన రాకపోతే వస్తాను" అందుము. "వస్తాను, వాన రాకపోతే" అనినచో వచ్చుటయే ముఖ్యము, వాన తరువాతి మాట. వాల్ ఇచ్చిన శైలీ సూచనలలోని కీలకమును ఇదియే: ముఖ్యమైన పని ముందు కనబడవలెను. "ఫైలు తెరువుము, లేదా ఆగుము" అనుట మేలు. ఆగుటను ముందు చెప్పినచో అసలు పని తోకలో దాగిపోవును.

పంక్తులను లోపలికి జరుపుటకు ఖాళీలు నాలుగా రెండా, ఫ్లవర్ బ్రాకెట్టు ఏ పంక్తిలో నుండవలెను అను వాదములకు అంతులేదు. ప్రోగ్రామంతటను ఒకే తీరు ఉన్న చాలును. పెర్ల్‌టైడీ అను సాధనము వీనిని క్షణములో సరిచేయును.

అది సరిచేయలేనిది వేరొకటి కలదు. "రద్దు లేక ఆలస్యము కానిచో అచ్చు వేయుము" అని ఒకడు 'అన్‌లెస్'తో వ్రాసెను. రెండును కాని బండినే అచ్చు వేయుమని దీని భావము. తరువాత వచ్చినవాడు తికమకపడి 'లేక'ను 'మరియు'గా మార్చినాడనుకొనుడు. అప్పుడు ఆలస్యమైనను రద్దు కాని బండి సకాలపు జాబితాలో చేరిపోవును! యంత్రము తప్పని చెప్పదు. వ్యాకరణము సరిగనే యున్నది. డేమియన్ కాన్వే 2005లో ప్రకటించిన 256 సూత్రముల గ్రంథములో 'అన్‌లెస్'ను అసలే వాడవద్దనెను. ఇది కొంత కఠినమే. ఒకే షరతున్నచోట దానివలన హాని లేదు.

పై పనికి మూడు పంక్తులు చాలును: రద్దయినచో తరువాతి బండికి పొమ్ము, ఆలస్యమైనచో తరువాతి బండికి పొమ్ము, అచ్చు వేయుము.