గింజ కట్టని మందారం

మన టౌన్‌షిప్‌లో మందారం లేని ముంగిలి అరుదు. జనరల్ షిఫ్టువారు బయలుదేరే వేళకే గోడల వెంబడి పూలసజ్జలు పట్టుకొన్న చేతులు కనిపిస్తాయి. కాళీపూజ వచ్చిందంటే బెంగాలు నుండి వచ్చిన సహోద్యోగుల కుటుంబాలు ఎర్రమందారాల కోసం ఇల్లిల్లూ అడుగుతారు. ఇంత సర్వసాధారణమైన పువ్వు కనుకనే కాబోలు, దానిని గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించరు. పాత బ్లాకులను దశలవారీగా తొలగించి బహుళ అంతస్తుల భవనాలు కట్టే పని ఆరంభమైన ఈ తరుణంలో కొంత ఆలోచించవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము. మన పెరటి మందారం సాధారణంగా గింజ కట్టదు. గొడ్డలి పడిన చెట్టుకు వారసత్వం ఉండదు.

స్వీడన్ దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ఈ మొక్కకు హైబిస్కస్ రోజా-సైనెన్సిస్ అని నామకరణం చేశాడు. చైనా గులాబీ అని దాని అర్థం. సంస్కృతంలో ఇది జపాకుసుమం. మందారమనే పేరు నిజానికి స్వర్గంలోని పంచవృక్షాలలో ఒకదానిది. పోతనగారి ప్రహ్లాదుడు మందార మకరందాన్ని ప్రస్తావించినప్పుడు ఆయన మనసులో ఉన్నది ఆ దేవతరువే గాని మన గోడవారనున్న పొద కాదు. తెలుగువారు ఉదారంగా ఆ పేరును దీనికి ఇచ్చివేశారు. మలేషియా 1960లో దీనిని జాతీయ పుష్పంగా స్వీకరించింది. ఇంత ఖ్యాతి ఉన్నా, ఒక చేతి నుండి మరొక చేతికి కొమ్మగా మారుతూ వచ్చినదే తప్ప ఇది తనంత తానుగా విస్తరించినది కాదు. ముద్ద మందారంలో కేసరాలే రెక్కలుగా మారిపోవడం వలన గింజ మాట మరీ దూరం. పాత బ్లాకులో ఒక పొద, దాని కొమ్మ నుండి నాలుగు వీధుల అవతల పెరిగిన మరొక పొద, వృక్షశాస్త్రం దృష్టిలో ఒకే శరీరం.

ఇక పెంపకం. మందారం గురించి మాకు తరచు వినవచ్చే ఫిర్యాదు, చెట్టు గోడకంటె ఎత్తు ఎదిగినా పూలు తగ్గిపోయాయని. ఇందుకు మొదటి కారణం నీడ. రోజుకు ఆరు గంటల ఎండ తగలని చోట ఆకులు మాత్రమే దక్కుతాయి. రెండవది కత్తెర అంటే భయం. మందారం మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్ళ మీదనే. కొమ్మ ముదిరేకొద్దీ కింది భాగం బోసిపోయి, పూలన్నీ అందనంత ఎత్తున కొసలకు చేరుతాయి. పూజకు పనికివచ్చే చెట్టును నరకడం పాపమని కొందరు పెద్దలు వారిస్తారు. వారి మనసు నొప్పించకుండా చెప్పవలసిన మాట ఏమంటే, కత్తిరించిన చోటనే రెండు మూడు కొత్త కొమ్మలు పుడతాయి, వాటి మీదనే పూలు వస్తాయి.

ఫిబ్రవరి చివరి పక్షం ఇందుకు అనువైన కాలం. చలి తగ్గి ఉంటుంది, ఎండలు ముదరవు. పదునైన కత్తెరను స్పిరిటుతో తుడిచి, ఎండు కొమ్మలను, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలను మొదట తీసివేయాలి. తరువాత మిగిలిన వాటి పొడవులో మూడవ వంతు తగ్గించాలి. పొద వెలుపలి వైపు చూస్తున్న కణుపుకు పావు అంగుళం పైన ఏటవాలుగా కోస్తే కొత్త కొమ్మ బయటికి సాగి పొద మధ్యలోకి గాలి, వెలుతురు వస్తాయి. మొత్తం పొదను ఒకేసారి కత్తిరిస్తే రెండు మాసాలకు పైగా పువ్వు కనబడదు. మన ప్లాంటులో రెండు యూనిట్లను ఒకేసారి ఓవర్‌హాలుకు ఆపము కదా! అదే పద్ధతిలో ఈ నెల సగం కొమ్మలు, అయిదారు వారాల తరువాత తక్కిన సగం కత్తిరిస్తే సజ్జ ఎన్నడూ ఖాళీ కాదు.

నీటి విషయంలో మన కాలనీకి ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. మందారానికి కొద్దిగా ఆమ్లగుణం గల నేల ఇష్టం. ఉదజని సూచిక 6 నుండి 7 లోపు ఉంటే మేలు. మన బోరు నీటిలో బైకార్బనేట్లు ఎక్కువ. ఏళ్ళ తరబడి ఆ నీరే పోసిన నేల క్షారగుణం పొందుతుంది. అప్పుడు నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. లేత ఆకులు పసుపు పచ్చగా మారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే అది ఇనుము లోపమని గుర్తు. ముదురు ఆకులు పసుపుబారితే కారణం వేరు: నత్రజని కొరతగాని, వేళ్ళ వద్ద నీరు నిలవడంగాని కావచ్చును. ఈ రెండింటినీ వేరుపరచకుండా మొక్క పచ్చబడిందని గుప్పెడు యూరియా చల్లేవారే అధికం. ఇనుము లోపానికి లీటరు నీటిలో అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రపు వేళ ఆకుల మీద పిచికారీ చేయాలి. వారం పది రోజుల తేడాతో రెండు మూడు పర్యాయాలు చేస్తే కొత్త చిగుళ్ళు పచ్చగా వస్తాయి. డాబా మీది వాననీటిని ఒక డ్రమ్ములో పట్టుకోగలిగినవారికి ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. బూడిదలో పొటాష్ ఉన్నదని కొందరు మొదట్లో పోస్తారు. మందారానికి పొటాష్ మంచిదే, కాని బూడిద స్వయంగా క్షారం. మన నీటికి అది తోడైతే ఇనుము మరింత దూరమవుతుంది.

పిల్లలున్న ఇళ్ళలో క్షారమంటే ఏమిటో ఈ పువ్వే చెప్పగలదు. ఎర్రమందారం రెక్కలను వేడినీటిలో నానబెట్టి, ఆ రసంలో నిమ్మరసం వేస్తే ముదురు గులాబీ రంగు, సబ్బునీరు వేస్తే ఆకుపచ్చ రంగు వస్తాయి.

చీడలలో ప్రధాన శత్రువు పిండినల్లి. చిగుళ్ళు ముడుచుకొని తెల్లని దూదివంటి పదార్థం కనిపించిన వెంటనే మందు డబ్బా వెతకడం అలవాటైపోయింది. మందుకంటె ముందు చీమలను చూడాలి. పిండినల్లి విసర్జించే తీపిరసం కోసం చీమలు దానిని శత్రువుల బారి నుండి కాపాడుతూ ఉంటాయి. చీమల బారును అరికట్టి, చిగుళ్ళను గొట్టపు నీటి ధారతో కడిగి, లీటరుకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె కొద్ది సబ్బుతో కలిపి చల్లితే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని తిని బ్రతుకుతుంది. దీనిని ఆస్ట్రేలియా నుండి మన దేశానికి 1898లోనే తెచ్చారు. దాని పిల్లపురుగు కూడా ఒళ్ళంతా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లి లాగే ఉంటుంది. కాకపోతే పరిమాణంలో పెద్దది, చురుకుగా నడుస్తుంది. దానిని నలిపివేసేవారు తమ రక్షకభటుని తామే చంపుకొంటున్నారన్నమాట. 2008లో కోయంబత్తూరు వద్ద తొలిసారిగా గుర్తించిన బొప్పాయి పిండినల్లి మందారాలను సైతం పట్టింది. రసాయనాలకు లొంగని ఆ పురుగును 2010లో ప్యూర్టోరికో నుండి తెప్పించిన చిన్న బదనిక అణచివేసింది. ఈ ఉదంతం తెలిసిన తరువాత మా పెరట్లో ఘాటైన మందులకు చోటు లేకుండా పోయింది.

మొగ్గలు విచ్చకుండానే రాలిపోవడం వేసవిలో సహజం. ఒకరోజు ముంచెత్తి నాలుగురోజులు మరచిపోకుండా, రోజు విడిచి రోజు క్రమంగా నీరిస్తే చాలావరకు తగ్గుతుంది. రాలిన మొగ్గలో తామరపురుగులు ఉండవచ్చును గనుక వాటిని పాదులో వదలరాదు.

ఇప్పుడు పాత బ్లాకుల సంగతి. అక్కడి ముంగిళ్ళలో ఉన్నవి ముప్పై ఏళ్ళ నాటి ఒంటిరెక్క ఎర్రమందారాలు. పళ్ళెమంత పూల సంకరజాతులు నర్సరీలలో కుండీలతో సహా దొరుకుతున్నాయి. చూడముచ్చటగా ఉంటాయి, కాని మన మే నెల ఎండకు వాటిలో చాలా మొక్కలు నిలువలేకపోవడం మేము గమనించాము. పాతవి నిలిచాయి. అవి నర్సరీలో దొరకవు. వాటిని నాటినవారిలో పలువురు పదవీ విరమణ చేసి వెళ్ళిపోయారు కూడా.

రెండవ దశ తొలగింపు సంక్రాంతి తరువాత ఉన్నది. ఆలోగా, అంటే జూలై, ఆగస్టు వానలలోనే, కొమ్మలు నాటుకోవడం మేలు. పెన్సిలు లావున్న, మరీ లేత కాని కొమ్మను ఆరు అంగుళాల పొడవున, కణుపు కిందుగా కోయాలి. పై రెండు ఆకులు ఉంచి తక్కినవి తీసివేయాలి. సగం ఇసుక, సగం మట్టి నింపిన సంచిలో రెండు కణుపులు మునిగేటట్లు గుచ్చి నీడలో ఉంచాలి. ఆరు వారాలలో వేరు పడుతుంది. చిగురు వచ్చిందని ఆత్రపడి పీకి చూడరాదు. కొమ్మలోని నిల్వ శక్తితోనే ముందు చిగురు వస్తుంది, వేరు తరువాత. ఒక్కొక్క పొద నుండి నాలుగైదు కొమ్మలు తీసుకొంటే ఒకటి రెండు పోయినా నష్టం లేదు. సంచి మీద బ్లాకు సంఖ్య వ్రాసి ఉంచితే ఏ చెట్టు సంతతి ఏదో తెలుస్తుంది. ఊరు విడిచి వెళ్ళేవారు కోసిన కొమ్మలను తడి వార్తాపత్రికలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొంటే రెండు రోజుల రైలు ప్రయాణాన్ని అవి సులభంగా తట్టుకొంటాయి. కిటికీ పక్కన ఎండలో మాత్రం పెట్టవద్దు. బెర్తు కింద, నీళ్ళ సీసా పక్కన ఉంచితే చాలు.