పెయింటు చూసి కాలిపర్ కొనకండి!

విజయవాడ: పెళ్ళికి బయలుదేరిన కారు ఊరి చివర గడ్డివామును ఢీకొని ఆగింది. లోపల వున్న అయిదుగురిలో ఎవరికీ దెబ్బలు తగలలేదు. నాలుగు మోపుల గడ్డి చెదరడం తప్ప వేరే నష్టం లేదు. వాము అడ్డం లేకపోతే మాత్రం ఆ కారు కాలువలో దిగేది.

"వారం క్రితమే బ్రేకులు బాగు చేయించానండీ. కాలిపర్ మార్పించాను. మూడుసార్లు గాలి తీయించాను. అయినా పెడల్ మెత్తగానే దిగుతోంది" అని వాపోయారు కారు యజమాని. కారును తాడు కట్టి ఆటోనగర్ తీసుకువచ్చారు.

షెడ్డులోని పెద్ద మెకానిక్ చక్రం విప్పి ఒక్కసారి చూసి విషయం చెప్పేశారు. "ఇది కుడి చక్రానిదండీ. ఎడమ చక్రానికి బిగించారు."

లారీ బాడీలు కట్టే షెడ్లకు, పాత విడిభాగాల దుకాణాలకు పేరుపడ్డ ఆటోనగర్‌కు ఇలాంటి కార్లు రావడం కొత్త కాదు. పాత కారుకు పాత కాలిపర్ వేసుకోవడం తప్పేమీ కాదు. సరైనది ఎంచుకుని, విప్పి శుభ్రం చేసి, కొత్త రబ్బర్లు వేస్తే అది మళ్ళీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ఎంచుకోవడంలోనే పొరపాటు జరుగుతోంది.

కాలిపర్ అంటే?

పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులతో నడిచాయి. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800తో ముందు చక్రాల డిస్కు బ్రేకు ఊళ్ళలోకి బాగా వచ్చింది. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం డిస్కు. దాన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లతో పట్టుకునే పిడికిలి కాలిపర్. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిలు వచ్చి కాలిపర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను డిస్కుకు అదుముతుంది. కాలిపర్ తన పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను కూడా లాక్కువస్తుంది.

పిస్టన్ చుట్టూ పలకల అంచులున్న రబ్బరు రింగు ఒకటి వుంటుంది. పెడల్ తొక్కినప్పుడు అది పిస్టన్‌తో పాటు కాస్త వంగుతుంది. వదలగానే తన రూపానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. రింగు గట్టిపడినా, పిస్టన్ తుప్పు పట్టినా ప్యాడ్ డిస్కును వదలదు. చక్రం వేడెక్కుతుంది, ప్యాడ్ అరిగిపోతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

గుర్తుపట్టడం ఎలా?

మొదట చూడవలసింది కుడి, ఎడమ. గాలి తీసే నిపిల్ కాలిపర్‌కు పైభాగాన వుండాలి. గాలి పైకి తేలుతుంది గనుక అక్కడి నుంచే బయటకు పోతుంది. కొన్ని కార్లలో ఒక వైపుది రెండో వైపు కూడా బిగుస్తుంది. అప్పుడు నిపిల్ కిందికి వస్తుంది. ఎన్నిసార్లు తీసినా ఆయిలు పోతుందే తప్ప గాలి పోదు. ఆయిలు నొక్కితే నలగదు, గాలి నలుగుతుంది. అందుకే పెడల్ మెత్తగా దిగుతుంది. గడ్డివాము కారులో జరిగింది సరిగ్గా ఇదే.

రెండోది కొలత. పిస్టన్ వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవాలి. కంటికి రెండూ ఒకలాగే కనిపించవచ్చు. ఒక వైపు 48 మిల్లీమీటర్ల పిస్టన్, రెండో వైపు 51 మిల్లీమీటర్లది పడిందనుకోండి. పెద్ద పిస్టన్ వున్న వైపు సుమారు 13 శాతం ఎక్కువ బలంతో పట్టుకుంటుంది. బ్రేకు వేయగానే కారు ఆ వైపుకు లాగుతుంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం, ఆయిలు గొట్టం మరలు, ప్యాడ్ ఆకారం, డిస్కు మందం కూడా సరిపోవాలి. విప్పిన పాత కాలిపర్‌ను దుకాణానికి వెంట తీసుకువెళ్ళడం అన్నిటికన్నా మంచి పద్ధతి. పోతలో పడిన అక్షరాలు, అంకెలు రెండిటి మీదా పోల్చి చూడవచ్చు.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది పిస్టన్. డ్రమ్ము బ్రేకు సిలిండర్‌లో రబ్బరు కప్పు పిస్టన్‌తో పాటు కదులుతుంది కాబట్టి సిలిండర్ గోడ నున్నగా వుండాలి. కాలిపర్‌లో రింగు గోడలోని గాడిలో కూర్చుని వుంటుంది. పిస్టన్ దాన్ని ఒరుసుకుంటూ కదులుతుంది. అంటే ఇక్కడ ఆయిలును ఆపేది పిస్టన్ మీది మెరుపు పూతే. దాని మీద తుప్పు గుంటలు పడితే ఎంత కొత్త రింగు వేసినా కారుతుంది. ఎమరీ పేపరుతో రుద్దితే పూత పోయి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అలాంటి పిస్టన్‌ను పారేసి కొత్తది వేయవలసిందే.

గడ్డివాము కారు కాలిపర్‌కు వెండి రంగు పెయింటు నిగనిగలాడుతోంది. దుమ్ము తొడుగు తీసి చూస్తే పిస్టన్ మీద మశూచి మచ్చల్లా గుంటలు కనిపించాయి. "పెయింటు పది నిమిషాల పనండీ. దుకాణంలోనే తొడుగు ఎత్తి చూపించమనాలి. చూపించకపోతే లేచి రావాలి" అన్నారు మెకానిక్. తరువాత ఆయనే వెళ్ళి ఎడమ చక్రానిది, పిస్టన్ మెరుపు చెడనిది ఏరి తెచ్చారు.

విప్పి బాగుచేసే పద్ధతి

కాలిపర్‌ను ఆయిలు గొట్టానికి వేలాడదీయకూడదు, తీగతో కట్టాలి. ప్యాడ్ల దుమ్మును గాలితో ఊదకూడదు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ వుండవచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడవాలి.

పిస్టన్‌ను బయటకు తీయడానికి ఎదురుగా చెక్కముక్క పెట్టి, గొట్టం రంధ్రంలోకి గాలిని కొద్దికొద్దిగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే పిస్టన్ తూటాలా వస్తుంది. మధ్యలో వేళ్ళుంటే నలిగిపోతాయి. రింగును చెక్కపుల్లతో తీయాలి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గాడి గీరుకుపోతుంది. గాడిలో పేరుకున్న తుప్పును ఓపికగా తీయాలి. అది మిగిలితే కొత్త రింగు పిస్టన్‌ను నొక్కిపడుతుంది.

శుభ్రం చేశాక కొత్త రింగును, పిస్టన్‌ను తాజా బ్రేక్ ఆయిలుతో తడిపి, చేతితో నిటారుగా నెట్టాలి. వంకరగా వెళితే సుత్తితో కొట్టకుండా మళ్ళీ తీసి పెట్టాలి. కాలిపర్ జరిగే పిన్నులకు రబ్బరుకు పనికివచ్చే సిలికాన్ గ్రీజు రాయాలి. చక్రాల గ్రీజు రాస్తే పిన్నుల రబ్బరు తొడుగులు ఉబ్బుతాయి. గొట్టం దగ్గరి రాగి వాషర్లు కొత్తవి వేయాలి. రబ్బరు కిట్లు, ప్యాడ్లు రెండు ముందు చక్రాలకూ ఒకేసారి మార్చాలి. డిస్కు మీద కనీస మందం చెక్కి వుంటే అంతకన్నా పలచబడిన డిస్కును వాడకూడదు.

పేరు ఆయిలే, నూనె కాదు

ఊళ్ళలో ఎక్కువగా జరిగే తప్పు ఇదే. బ్రేక్ ఆయిలును పేరుకు ఆయిలు అంటున్నాం గాని అది నూనె కాదు. వాడుకలో వున్న డాట్ 3, డాట్ 4 రకాలు నూనెజాతివి కావు. కిరసనాయిలు, డీజిలు, పెట్రోలుతో కాలిపర్ కడిగితే బ్రేకు రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. ఆయిలు తక్కువైందని ఇంజనాయిలు పోసినా అంతే. అలా పోసిన కారులో ఒక్క కాలిపర్ బాగుచేస్తే చాలదు. మాస్టర్ సిలిండర్ నుంచి వెనుక చక్రాల దాకా రబ్బర్లన్నీ మార్చవలసి వస్తుంది. కడగడానికి బ్రేక్ ఆయిలునే గాని, మిథిలేటెడ్ స్పిరిటును గాని వాడాలి.

బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి దిగవచ్చు. ఘాటు రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు కాగితే అందులో ఆవిరి బుడగలు లేచి పెడల్ నేలకు అంటుతుంది. అందుకే ఎన్నాళ్ళుగానో మూత తీసివున్న డబ్బాలోది పోయరాదు. రెండేళ్ళకు ఒకసారి ఆయిలు మార్చాలి.

బండి తీసుకునే ముందు

గాలి తీశాక ఇంజను నడుస్తుండగా పెడల్‌ను రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా దిగిపోతే ఎక్కడో కారుతున్నట్లే. తరువాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నడిపి ఆపి చూడండి. పక్కకు లాగకూడదు. నాలుగు కిలోమీటర్లు నడిపి రెండు ముందు చక్రాల దగ్గర చెయ్యి తాకకుండా వేడి గమనించండి. ఒకటి బాగా ఎక్కువ కాగితే ఆ కాలిపర్ పట్టేస్తున్నట్లు.

పదిహేనేళ్ళు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష ఎలాగూ తప్పదు. కాని ఆ పరీక్ష అయిదేళ్ళకు ఒకసారి. బ్రేకుకు పరీక్ష రోజూ వుంటుంది.

సాయంత్రానికి గడ్డివాము కారు సిద్ధమైంది. యజమాని డబ్బులిచ్చి తాళం అందుకోబోయారు. మెకానిక్ ఇవ్వలేదు. "ముందు నా పక్కన కూర్చోండి, ఒక చుట్టు తిరిగి వద్దాం. నేను ఆపింది మీరు చూశాకే మీకిస్తాను" అన్నారు.