చింతపిక్కలు, పుల్లకట్టలు, కార్డుల నిచ్చెన: చేత్తో నేర్చే చదువు

పిల్లల చేతికి పని ఇచ్చి, ఆ పనిలోంచే పాఠం రాబట్టే పద్ధతిని ఉపాధ్యాయులు కృత్యాధార బోధన అంటారు. తమిళనాడులో ధర్మపురి జిల్లా తుంబలహళ్లి వంటి ఊళ్ల ప్రభుత్వ బడులకు ఇది చెన్నై మీదుగా వచ్చింది. దీని పుట్టుక మాత్రం తెలుగు నేల మీదే. అప్పటి చిత్తూరు జిల్లాలో మదనపల్లె దగ్గరున్న ఋషివ్యాలీ విద్యాకేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపేది. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు: వాళ్ల ముందున్న చిక్కు అది.

పాఠ్యపుస్తకాన్ని విడదీసి వందల కార్డులుగా మార్చారు. ప్రతి కార్డు మీదా ఒక గుర్తు ఉంటుంది. అవే గుర్తులు గోడ మీది నిచ్చెన పటంలో వరుసగా కనిపిస్తాయి. తాను ఏ మెట్టు మీద ఉన్నదో బిడ్డే చూసుకుని, కార్డు తెచ్చుకుని, టీచరుతోనో తోటిపిల్లలతోనో ఒంటరిగానో పని చేస్తుంది. కోతల కాలంలో పది రోజులు బడి మానిన పిల్ల తిరిగి వచ్చాక, ఆగిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. పల్లె బడికి ఇంతకన్నా పెద్ద మేలు లేదు.

ఈ పద్ధతి 1995లో కర్ణాటకలోని హెచ్‌.డి.కోటెకు చేరి ‘నలి కలి’ అయింది. 2003లో చెన్నై నగరపాలక కమిషనరు ఎం.పి. విజయకుమార్ 13 బడుల్లో మొదలుపెట్టారు. 2007–08 నాటికి అది తమిళనాడు అంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది.

పిల్లలు నేర్చేదేమిటో లెక్కల్లో స్పష్టంగా కనబడుతుంది. పది పుల్లలు కలిపితే ఒక కట్ట. 42లోంచి 17 తీయాలంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెట్టుకోవాలి. రెండు పుల్లల్లోంచి ఏడు రావు. అప్పుడొక కట్ట విప్పాలి. పన్నెండు విడి పుల్లలవుతాయి; ఏడు తీస్తే ఐదు, మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. జవాబు 25. పలక మీద ‘పక్కనుంచి ఒకటి తెచ్చుకో’ అని చెబితే ఆ ఒకటి పది ఎలా అయిందో చాలామంది పిల్లలకు ఎప్పటికీ తెలియదు. కట్ట విప్పిన బిడ్డకు ఆ సందేహమే రాదు. చింతపిక్కలతో హెచ్చవేతలు, పూసల దండలతో వందలు, వేలు కూడా ఇలాగే.

భాషకు అక్షరాల కార్డులు, తోలుబొమ్మలు, ఊరి కథలు ఉంటాయి. గోడల అడుగున, పిల్లల ఎత్తుకు అందేలా ప్రతి ఒక్కరికీ కొంత నల్లబల్ల ఉంటుంది. ధర్మపురి ప్రాంతంలో ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడే పిల్లలున్నారు. 2006 నాటి తమిళనాడు చట్టం ఒకటో తరగతి నుంచి అంచెలంచెలుగా తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలియని భాషలో పాఠం వినే ఆరేళ్ల బిడ్డకు చేతిలోని రాగిగింజే ఆసరా. వస్తువు ముందే తెలుసు, ఇంటి భాషలో దాని పేరూ తెలుసు. బడి భాషలోని పేరు వాటికి జతవుతుంది. ఈ పద్ధతి చేసే మేలులో జనం తక్కువగా గుర్తించింది ఇదే. కాకపోతే ఇంటి మాటను టీచరు గదమాయించకుండా రానివ్వాలి.

పరిసరాల విజ్ఞానంలో సబ్జెక్టుల మధ్య గోడలు వాటంతటవే పడిపోతాయి. ఉలవలు కొన్ని తడిగుడ్డలో, కొన్ని పొడిగుడ్డలో కడతారు. ఏవి మొలిచాయో చూస్తారు. మొలక ఎత్తును రోజూ దారంతో కొలిచి, ఆ ముక్కలను కాగితం మీద వరుసగా అతికిస్తే అదే రేఖాచిత్రం. కింద రాసే రెండు వాక్యాలు భాషాపాఠం. ఊరి పటం గీస్తూ బావి, కుళాయి, జలాశయం గుర్తిస్తే నీటి పాఠం వస్తుంది. భూగర్భజలంలో ఫ్లోరైడు ఉన్న ధర్మపురి జిల్లాలో, దానికి విరుగుడుగా హొగెనకల్ మంచినీటి పథకం వచ్చిన జిల్లాలో, తాగేనీరు ఎక్కడిదన్న ప్రశ్న పిల్లలకు పుస్తకంలోది కాదు. ఋషివ్యాలీ పల్లె బడులు ‘మెట్రిక్ మేళా’ కూడా జరిపేవి. పిల్లలే అంగళ్లు పెట్టి తూచి, కొలిచి, చిల్లర లెక్కగట్టి అమ్మేవారు.

చేతిపని ఉన్నంత మాత్రాన చదువు వచ్చినట్టు కాదు. టీచరు పట్టించుకోకపోతే కార్డూ కంఠస్థమైపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రాజెక్టు పేరిట తల్లిదండ్రులు రాత్రంతా కూర్చుని థర్మోకోల్ బొమ్మ చేసి పంపడం కృత్యమే కాదు. ఏం చేశావు, ఎందుకు అలా అయింది అని అడిగితే బిడ్డ సొంత మాటల్లో చెప్పగలగాలి. ఆ మాటలకు తరగతిలో సమయం ఇవ్వాలి.

కొవిడ్ కాలంలో పడిన వెనుకబాటు తీర్చడానికి తమిళనాడు 2022 జూన్‌లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ పథకం మొదలుపెట్టింది. ముందు ఒకటి నుంచి మూడో తరగతి వరకు, తర్వాత నాలుగు, ఐదు తరగతులకు దాన్ని విస్తరించారు. పిల్లలను స్థాయిని బట్టి అరుంబు, మొట్టు, మలర్ అని మూడు జట్లు చేస్తారు. పాటలు, కథలు, బొమ్మలు, పనులు ఇందులోనూ ఉన్నాయి. ఒక్కో బిడ్డకూ ఒక్కో మెట్టు ఉన్న పాత నిచ్చెన స్థానంలో ఇప్పుడు జట్టుకొక స్థాయి ఉంది. మూడో తరగతిలో ఉండి అక్షరాల దగ్గరే ఆగిన పిల్ల అరుంబు జట్టులో కూర్చుని, తన వయసు వారితోనే అదే గదిలో చదువుతుంది.