ఒక్క అక్షరం మారితే రక్తకణం ఎందుకు వంగిపోతుంది?

జన్యువుల్లో మార్పులు అసలెందుకు వస్తాయి? కణం రెండుగా విడిపోయే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ నకలు తీసుకోవాలి. తల్లి నుంచి దాదాపు 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి ఇంచుమించు అన్నే. నకలు రాసే ఎంజైమే తప్పులు దిద్దుకుంటూ పోతుంది గానీ, ఎక్కడో ఒకటీ అరా మిగిలిపోతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ వాటిని ఇంకా పెంచుతాయి. చర్మంలోనో ఊపిరితిత్తుల్లోనో వచ్చిన మార్పు ఆ మనిషితోనే పోతుంది. అండంలోనో వీర్యకణంలోనో వస్తేనే బిడ్డకు చేరుతుంది. నిజానికి ప్రతి బిడ్డా ఇలాంటి కొత్త మార్పులు పదుల సంఖ్యలో మోసుకునే పుడుతుంది. చాలావాటి వల్ల ఏమీ కాదు.

మరి ఒక్క అక్షరమే ప్రాణం మీదికి ఎలా తెస్తుంది? సికిల్ సెల్ వ్యాధి చూడండి. హిమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువు మన 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అందులో ‘ఏ’ ఉండాల్సిన ఒక చోట ‘టీ’ పడింది. దాంతో 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరోది గ్లుటామిక్ ఆమ్లం కాకుండా వాలీన్ అయింది. గ్లుటామిక్ ఆమ్లానికి నీటితో పొత్తు కుదురుతుంది, వాలీన్‌కు కుదరదు. అందువల్ల ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. ఆ పోగులు లోపలి నుంచి నెట్టడంతో గుండ్రటి కణం కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని నొప్పులు అందుకే. 120 రోజులు బతకాల్సిన కణం 10, 20 రోజుల్లోనే చితికిపోతుంది. రక్తహీనత అందుకే.

ఇంత హాని చేసే మార్పు తరతరాలుగా ఎందుకు చెరిగిపోలేదు? తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే అది వచ్చినవాళ్లకు మామూలుగా జబ్బు చేయదు. పైగా ప్రాణాంతక మలేరియాను వాళ్లు తట్టుకుంటారు. ఆఫ్రికాలో ఈ సంగతిని 1954లో ఆంథనీ ఆలిసన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. మలేరియా పీడించిన చోట్లే ఈ జన్యువు నిలిచిందంటే, దాన్ని శాపమని తేల్చేయడం తొందరపాటే. మన పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీల్లోనూ ఇది కనిపిస్తుంది.

చిక్కల్లా భార్యాభర్తలిద్దరిలోనూ ఆ మార్పు ఉన్నప్పుడే. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒంట్లో ఏ బాధా లేకపోయినా ఆ మార్పు ఉందో లేదో రక్తపరీక్ష చెప్పేస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఏజెన్సీ గ్రామాల్లో పెళ్లీడు పిల్లలున్నవాళ్లు సంబంధం ఖాయం చేసుకోకముందే ఆ పరీక్ష చేయించండి.